రాత్రి విమానం ఎక్కే ముందు: పెద్దల దూర ప్రయాణానికి జాగ్రత్తలు



మన సంఘ కుటుంబాలలో పిల్లలు అమెరికాలోనో, కెనడాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్ళు ఇప్పుడు చాలా ఉన్నాయి. కూతురి కాన్పుకు, కోడలి కాన్పుకు, మనుమరాలి పుట్టినరోజుకు తల్లిదండ్రులు ప్రయాణమవుతున్నారు. నెల ముందు నుండే ఇంట్లో హడావిడి మొదలవుతుంది. ఆవకాయ నూనె కారకుండా ప్లాస్టిక్ సంచులు రెండు చుట్లు చుట్టి టేపు వేస్తారు. పెట్టెను నాలుగుసార్లు తూచి, 23 కిలోలు దాటితే సున్నుండలు తీసి కారప్పొడి ఉంచాలా, కారప్పొడి తీసి సున్నుండలు ఉంచాలా అని ఇంటిల్లిపాదీ ఆలోచిస్తారు. ఆ శ్రద్ధలో పదో వంతు కూడా ప్రయాణం చేసే మనిషి ఆరోగ్యం మీద పెట్టడం లేదు. మందుల సంచి మాత్రం చివరి గంటలో, దొరికిన చోట కుక్కేస్తారు.

అరవై దాటినవారు, షుగరు, బి.పి. ఉన్నవారు ఇరవై గంటలకు పైగా ప్రయాణం చేస్తున్నారు. అందుకే ఈ నెల పాఠానికి ఈ విషయం తీసుకున్నాము.

మేము నేర్చుకున్న పాఠం

కొంతకాలం క్రితం షుగరు వ్యాధితో మా వార్డులో చికిత్స పొందిన ఒక అమ్మగారు డిశ్చార్జి అయ్యారు. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, భోజనానికి అరగంట ముందు ఇన్సులిన్ వేసుకోవాలని మేము చక్కగా నేర్పించి పంపాము. రెండు వారాలకు ఆమె అమెరికాలోని కూతురి దగ్గరికి బయలుదేరారు. ఆ సంగతి ఆమె మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

విమానంలో ఆమె చేతి గడియారం మన టైము ప్రకారమే నడుస్తున్నది. అందులో రాత్రి ఎనిమిది కాగానే, అలవాటు ప్రకారం ఇన్సులిన్ వేసుకున్నారు. అరగంట గడిచింది, గంట గడిచింది. భోజనం రాలేదు. విమానంలో దీపాలు ఆర్పేశారు, అందరూ నిద్రపోతున్నారు. ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, కళ్ళు మసకలు. ఇంగ్లీషు సరిగా రాదన్న మొగమాటంతో ఎయిర్ హోస్టెస్‌ను పిలవలేదు. ప్రక్క సీటులోని కుర్రవాడు గమనించి, తియ్యని జ్యూసు తెప్పించి త్రాగించబట్టి గండం గడిచింది.

తిరిగి వచ్చాక ఆమే ఈ సంగతి నవ్వుతూ చెప్పారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. "భోజనానికి అరగంట ముందు" అని నేర్పినవారము మేమే. భోజనం మన చేతిలో లేని చోట ఏం చేయాలో నేర్పలేదు. ఆ రోజు నుండి డిశ్చార్జి చేసేటప్పుడు "దగ్గరలో దూర ప్రయాణం ఏమైనా ఉందా?" అని తప్పకుండా అడుగుతున్నాము. మేము అడగడం మరచినా మీరు చెప్పడం మరవవద్దు.

ఒంట్లో ఉన్న గడియారం

మన మెదడు అడుగు భాగంలో, కళ్ళ నుండి వచ్చే నరాలు కలిసే చోటికి కాస్త పైన, బియ్యపు గింజంత చోటులో కొన్ని వేల కణాలు ఉన్నాయి. ఎప్పుడు నిద్ర రావాలి, ఎప్పుడు ఆకలి వేయాలి, ఒంటి వేడి ఎప్పుడు తగ్గాలి, ఇవన్నీ నడిపించే ముఖ్య గడియారం అదే. కంటిలో పడే వెలుతురును బట్టి అది రోజూ తన టైమును సరిచేసుకుంటుంది. చీకటి పడగానే మెలటోనిన్ అనే హార్మోను ఊరుతుంది, అది శరీరానికి రాత్రి అయిందని తెలియజేస్తుంది. శరీరంలోని ఈ గడియారం ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు వైద్య నోబెల్ బహుమతి ఇచ్చారు.

చేతి గడియారాన్ని క్షణంలో తిప్పుకోగలము. ఈ గడియారం మాత్రం రోజుకు సుమారు ఒక గంట చొప్పునే జరుగుతుంది. అంతవరకు కలిగే అలసట, పగటి కునుకు, రాత్రి మెలకువ, మలబద్ధకం, విసుగు, ఇవన్నీ కలిపి జెట్ లాగ్ అంటారు. ఇది జబ్బు కాదు. కానీ పెద్దవారిలో దీనివల్ల తూలి పడడం, మందులు మరచిపోవడం జరుగుతుంది. కాబట్టి తేలికగా తీసుకోరాదు.

ఒక ఉదాహరణ చూద్దాము. చలికాలంలో హైదరాబాదులో తెల్లవారుజామున 4 గంటలకు విమానం బయలుదేరి దుబాయి చేరింది. అక్కడ మరో విమానం ఎక్కితే న్యూయార్కులో మధ్యాహ్నం 2 గంటలకు దిగారనుకుందాము. చూడడానికి పది గంటల ప్రయాణంలా ఉంటుంది. నిజానికి ఇరవైన్నర గంటలు గడిచాయి. చలికాలంలో న్యూయార్కు మనకంటే పదిన్నర గంటలు వెనుక ఉంటుంది (వేసవిలో తొమ్మిదిన్నర). అక్కడ మధ్యాహ్నం రెండు అంటే మన ఒంటికి అర్ధరాత్రి పన్నెండున్నర.

ఆ రాత్రి పదింటికి పడుకోమంటారు. ఒంటికి అప్పుడు ఉదయం ఎనిమిదిన్నర. అలసట వల్ల ఎలాగో నిద్ర పట్టినా, అక్కడి తెల్లవారుజాము రెండింటికి మెలకువ వచ్చి కడుపులో ఆకలి కరకరలాడుతుంది. అది తిండి యావ కాదు. మన ఊళ్ళో అది మధ్యాహ్నం పన్నెండున్నర, భోజనం వేళ. ఆ సంగతి తెలియక చీకట్లో వంటింట్లోకి వెళ్ళి తాలింపు వేస్తే, పొగకు అలారం మ్రోగి ఇంట్లో పసిబిడ్డతో సహా అందరూ లేచిన ఇళ్ళు మాకు తెలుసు! ప్రక్కనే రెండు అరటిపండ్లు, ఒక గ్లాసు పాలు పెట్టుకుని పడుకుంటే ఈ తిప్పలు ఉండవు.

మందుల గడియారం

ఇది అన్నింటికంటే ముఖ్యం. న్యూయార్కు వెళ్ళేటప్పుడు మన రోజు 24 గంటలు కాదు, సాగి సుమారు 34 గంటలు అవుతుంది. తిరిగి వచ్చేటప్పుడు కుదించుకుపోయి 13 గంటల పైచిలుకు అవుతుంది. రోజూ ఉదయం 8 గంటలకు వేసుకునే మందును గోడ గడియారం చూసి వేసుకుంటే, వెళ్ళేటప్పుడు రెండు మోతాదుల మధ్య ముప్ఫైనాలుగున్నర గంటలు గడుస్తాయి. వచ్చేటప్పుడు పదమూడున్నర గంటలకే రెండో మోతాదు పడిపోతుంది.

చాలా బి.పి. మాత్రలకు కొన్ని గంటల తేడా ప్రమాదం కాదు. కానీ ఇన్సులిన్, మూర్ఛ మాత్రలు, రక్తం పలచబరిచే మందులు అలా కాదు. ముఖ్యంగా రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ను తిరుగు ప్రయాణంలో పదమూడు గంటలకే మళ్ళీ పూర్తి మోతాదు వేసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుచేత:

1. ప్రయాణానికి మూడు, నాలుగు వారాల ముందే టికెట్టు కాగితం పట్టుకుని డాక్టరుగారిని కలవండి. ఏ మందు, ఎంత, ఏ టైముకు అన్నది వెళ్ళేటప్పటికి ఒక పట్టీ, వచ్చేటప్పటికి ఒక పట్టీ వ్రాయించుకోండి. మోతాదులు సొంతంగా మార్చవద్దు.

2. విమానంలో మీ చేతి గడియారాన్ని మన టైములోనే ఉంచి మందులకు లెక్క చూసుకోవడం సులువు. పట్టీలో కూడా మన టైమే వ్రాయించండి. చేరాక అక్కడి టైముకు మారే రోజు ఏదో అందులోనే ఉండాలి.

3. భోజనానికి వేసుకునే ఇన్సులిన్‌ను విమానంలో ట్రే మీ ముందుకు రాక ముందు వేసుకోవద్దు. అరగంట ముందు వేసుకునే రకమైతే విమానంలో ఏం చేయాలో డాక్టరుగారిని ప్రత్యేకంగా అడగండి.

4. ఇన్సులిన్‌ను, అన్ని మందులను చేతి సంచిలోనే ఉంచుకోండి. పెద్ద పెట్టెలో పెడితే, సామాను గదిలోని చలికి ఇన్సులిన్ గడ్డకట్టవచ్చు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. పెట్టె వేరే ఊరికి వెళ్ళిపోతే మందులే ఉండవు.

5. మందులు కంపెనీ స్ట్రిప్పులలోనే ఉంచండి. డబ్బాలలో విడిగా పోయవద్దు. ఇంగ్లీషులో ప్రిస్క్రిప్షను, ఇన్సులిన్, సూదులు అవసరమన్న డాక్టరు ఉత్తరం ఉండాలి. ట్రమడాల్, కోడీన్ వంటి నొప్పి, దగ్గు మందుల మీద గల్ఫ్ దేశాలలో గట్టి ఆంక్షలు ఉన్నాయి. అక్కడ విమానం మారేవారు ముందే విచారించుకోండి.

6. చెమటలు, వణుకు, తల తిరుగుడు వస్తే షుగరు తగ్గిందని అనుమానించండి. వెంటనే మూడు టీ చెంచాల పంచదార లేదా గ్లూకోజు నీళ్ళలో కలిపి త్రాగండి. పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ షుగరు చూసుకోండి. బిస్కట్లు, గ్లూకోజు పొట్లం మీ చేతికందే చోట ఉండాలి. పైన అరలో ఉంటే లాభం లేదు.

సీటు పైన గాని, చేతి ప్రక్కన గాని మనిషి బొమ్మ ఉన్న బటను ఉంటుంది. అది నొక్కితే సిబ్బంది వస్తారు. పిలవడానికి ఇంగ్లీషు అవసరం లేదు. "డయాబెటిస్, షుగర్" అన్న రెండు మాటలు చాలు. మొగమాటపడవద్దు.

విమానం లోపల ఒంటికి ఏమవుతుంది

విమానం ముప్ఫై వేల అడుగులకు పైన ఎగిరినా, లోపలి గాలి ఒత్తిడిని 6,000 నుండి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్లు ఉంచుతారు. అంటే దాదాపు ఊటీ కొండ మీద కూర్చున్నట్లే. ఆరోగ్యవంతులకు ఇబ్బంది ఉండదు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి, రక్తహీనత ఎక్కువగా ఉన్నవారికి ఆయాసం రావచ్చు.

ఆ ఎత్తులో కడుపులోని గాలి ఉబ్బుతుంది. ప్రయాణం ముందు రోజు శనగలు, రాజ్మా, నూనెలో వేయించినవి, సోడా పానీయాలు తగ్గించండి. ఇడ్లీ, పెరుగన్నం వంటివి మేలు. విమానం దిగేటప్పుడు చెవులు మూసుకుపోతే గుటకలు వేయండి, ఆవులించండి, చప్పరించే బిళ్ళ పెట్టుకోండి. పసిపిల్లలకు ఆ సమయంలో పాలు పట్టండి.

లోపలి గాలి చాలా పొడిగా ఉంటుంది. నోరు, కళ్ళు, చర్మం ఎండిపోతాయి. మన అమ్మలు చాలామంది బాత్‌రూముకు లేవాల్సి వస్తుందని నీళ్ళు త్రాగడమే మానేస్తారు. ఇది మంచిది కాదు. కొంచెం కొంచెంగా నీళ్ళు త్రాగుతూ ఉండండి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టరుగారు నీటికి కొలత పెట్టినవారు ఆ కొలతే పాటించాలి. విమానంలో బాత్‌రూము తలుపు సాధారణంగా మధ్యలో మడత పడుతుంది, ఆ మడత దగ్గర నెట్టాలి. లోపలికి వెళ్ళి గడియ జరిపితేనే పెద్ద దీపం వెలుగుతుంది. ఈ చిన్న సంగతి తెలియక ఇబ్బంది పడినవారు ఎందరో.

కాళ్ళలో రక్తం గడ్డకట్టడం

గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పిక్కల లోపలి సిరల్లో రక్తం నిదానించి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ విడిపోయి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. నాలుగు గంటలు మించిన ప్రయాణంలో ఈ ప్రమాదం సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. అయినా ఆరోగ్యవంతులలో ఇది సుమారు ఆరు వేల మందిలో ఒకరికే. కాబట్టి భయపడనక్కరలేదు, జాగ్రత్తపడితే చాలు. విమానమే కాదు, రాత్రంతా కదలకుండా కూర్చునే బస్సు, కారు ప్రయాణంలోనూ ఇదే సంగతి.

ఇదివరకు కాలిలో గడ్డకట్టినవారు, ఈ మధ్య ఆపరేషను అయినవారు, క్యాన్సరు చికిత్సలో ఉన్నవారు, గర్భిణులు, బాలింతలు, బాగా ఒళ్ళున్నవారు, గర్భనిరోధక లేక హార్మోను మాత్రలు వాడేవారు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ఏం చేయాలి?

నడవ ప్రక్క సీటు అడగండి. కాళ్ళ దగ్గర సంచులు పెట్టవద్దు. సీటులో బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మన అలవాటు, అది మోకాళ్ళ వెనుక రక్తాన్ని అడ్డుకుంటుంది. కాలు మీద కాలు కూడా వేయవద్దు. చీర కట్టుకునేవారు లోపలి పావడా నాడా వదులుగా కట్టుకోండి. చెప్పులు, బూట్లు వదులుగా ఉండాలి.

మెలకువగా ఉన్నప్పుడు గంటకొకసారి కుట్టుమిషను తొక్కినట్లు మడమలు, వేళ్ళు ఇరవైసార్లు పైకీ క్రిందికీ ఆడించండి. పాదాలను గుండ్రంగా త్రిప్పండి. రెండు మూడు గంటలకొకసారి లేచి నడవలో నాలుగడుగులు వేయండి. సీటు బెల్టు దీపం వెలిగినప్పుడు మాత్రం కూర్చోవాలి.

ప్రమాదం ఎక్కువ ఉన్నవారికి డాక్టరుగారు మోకాలి క్రింది వరకు ఉండే బిగుతు మేజోళ్ళు వ్రాస్తారు. కొలత తీసుకుని కొనాలి. కాళ్ళకు రక్తప్రసారం తక్కువగా ఉన్న షుగరు రోగులు అడగకుండా వేసుకోరాదు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మాత్ర వేసుకోవద్దు.

రెండు పాదాలూ కాస్త ఉబ్బడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. కానీ ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే ఆస్పత్రికి వెళ్ళాలి. నరం పట్టిందనుకుని నూనె రాసి మర్దన చేయవద్దు. మర్దనతో గడ్డ కదిలే ప్రమాదం ఉంది. ఆకస్మికంగా ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం వస్తే ఒక్క నిమిషం కూడా ఆగవద్దు. ప్రయాణం ముగిసిన కొన్ని వారాల వరకు ఈ లక్షణాలు రావచ్చు. డాక్టరుకు విమాన ప్రయాణం చేశామని మొదటే చెప్పండి.

నిద్ర, భోజనం

బయలుదేరే ముందు రాత్రి వీడ్కోలు చుట్టాలతో జాగారం చేసి విమానం ఎక్కుతారు. అలా కాక, తెల్లవారుజాము విమానమైతే ముందు రోజు మధ్యాహ్నం, సాయంత్రం కాసేపు పడుకోండి. విమానంలో మెడకు చిన్న దిండు, కళ్ళకు గుడ్డ, శాలువా, మేజోళ్ళు ఉంటే హాయి. సీటు బెల్టు దుప్పటి పైనుండి పెట్టుకుంటే సిబ్బంది నిద్ర లేపరు.

నిద్రమాత్రలు వేసుకోవద్దు. కదలకుండా గంటల తరబడి పడి ఉంటే కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది, లేచినప్పుడు తూలి పడతారు. మద్యం నిద్రను పాడుచేస్తుంది. కాఫీ, టీ ప్రభావం చాలా గంటలు ఉంటుంది కాబట్టి నిద్రపోవాలనుకునే సమయానికి ఆరు గంటల ముందు నుండే మానండి. షుగరు భోజనం, శాకాహారం కావాలంటే టికెట్టు తీసుకునేటప్పుడే చెప్పాలి. నడవలేనివారికి చక్రాల కుర్చీ కూడా అప్పుడే అడగాలి. అది అడగడం చిన్నతనం కాదు. పెద్ద విమానాశ్రయాలలో చాలా దూరం నడవవలసి ఉంటుంది.

దిగిన తర్వాత మొదటి వారం

అక్కడ పగలైతే ఎంత నిద్ర వచ్చినా మంచం ఎక్కవద్దు. ఆపుకోలేకపోతే మధ్యాహ్నం మూడింటి లోపల అరగంట మించకుండా కునుకు తీయండి, అలారం పెట్టుకోండి. పగలు వెలుతురులో ఆరుబయట నడవండి. గడియారాన్ని సరిచేసే మందు పగటి వెలుతురే. భోజనాలు అక్కడి టైముకే చేయండి. రాత్రి గది చీకటిగా ఉంచి, మెలకువ వచ్చినా టి.వి., ఫోను చూడవద్దు. బాత్‌రూము దారిలో చిన్న దీపం ఉంచమనండి.

అక్కడ మెలటోనిన్ మాత్రలు దుకాణాలలో అమ్ముతారు. మూర్ఛ ఉన్నవారు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా వేసుకోరాదు.

ముఖ్యమైన మాట పిల్లలకు: మీ అమ్మానాన్నలు వచ్చిన మొదటి మూడు నాలుగు రోజులు వారిని ఊరు చూపించడానికి త్రిప్పవద్దు. రాత్రి పసిబిడ్డను చూసే పని వెంటనే అప్పగించవద్దు. కారు నడపనివ్వవద్దు. వారి మందుల పట్టీని మొదటి రోజే మీరు ఒకసారి చదవండి.

ముందుగా డాక్టరును కలవవలసినవారు

గుండెపోటు, పక్షవాతం, ఏ ఆపరేషను అయినా ఈ మధ్య జరిగినవారు, క్రొత్తగా సిమెంటు కట్టు వేసుకున్నవారు, కూర్చున్నా ఆయాసం వచ్చేవారు తప్పనిసరిగా అడిగే బయలుదేరాలి. గర్భిణులకు 28 వారాలు దాటితే చాలా విమాన సంస్థలు డాక్టరు ఉత్తరం అడుగుతాయి, 36 వారాలు దాటితే సాధారణంగా ఎక్కించుకోరు. విదేశాలలో వైద్యం చాలా ఖరీదు కాబట్టి ప్రయాణ ఇన్సూరెన్సులో మీకున్న పాత జబ్బులు వర్తిస్తాయో లేదో చూసుకోండి.

చేతి సంచిలో ఉండవలసినవి

* అన్ని మందులు, ప్రయాణానికి సరిపడా కాక వారం రోజులు ఎక్కువగా
* టైముల పట్టీ, ప్రిస్క్రిప్షను, డాక్టరు ఉత్తరం
* షుగరు చూసే మిషను, గ్లూకోజు పొట్లం, బిస్కట్లు
* కళ్ళజోడు, కట్టుడు పళ్ళ డబ్బా, వినికిడి మిషను బ్యాటరీలు
* ఒక జత బట్టలు, శాలువా, మేజోళ్ళు
* పిల్లల ఫోను నంబరు, చిరునామా ఇంగ్లీషులో వ్రాసిన కాగితం

ఈ పాఠాన్ని మీ ఇంట్లో ప్రయాణమయ్యే పెద్దవారికి చదివి వినిపించండి. ప్రయాణం ఉన్నవారు టికెట్టు, మందుల సంచి తీసుకుని మా ఓ.పి.కి రండి. డాక్టరుగారు మోతాదులు నిర్ణయిస్తే, మేము మీ ప్రక్కన కూర్చుని పెద్ద అక్షరాలతో తెలుగులో పట్టీ వ్రాసి ఇస్తాము. పెట్టెలో ఆవకాయకు చోటు ఎలాగో దొరుకుతుంది. మందుల పట్టీ మాత్రం చేతి సంచిలో, పైకి కనిపించేలా పెట్టుకోండి.